రాష్ట్రాలే ముందు పుట్టిన దేశం

2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానం చేసింది. ఆ తర్వాత మూడు వారాల్లో పార్లమెంటు ఉభయసభలూ ఆ బిల్లును ఆమోదించాయి. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. రాష్ట్రం కావాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ ఆ రోజుల్లో పదే పదే తలచుకున్న అంకె ఒకటే, మన రాజ్యాంగంలో కొత్త రాష్ట్రాల ఏర్పాటు గురించి చెప్పే మూడో అధికరణం. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, అంతవరకే. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదు.

ఇప్పుడు అమెరికా రాజ్యాంగంలో నాలుగో అధికరణం మూడో సెక్షన్ తీసి చూడండి. ఒక రాష్ట్రం హద్దుల్లోంచి ఇంకో రాష్ట్రాన్ని తీయాలంటే కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ఒప్పుకోవాలి, ఆ రాష్ట్ర శాసనసభ కూడా ఒప్పుకోవాలి. శాసనసభ కాదంటే వాషింగ్టన్ చేయగలిగింది లేదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే అమెరికా రాజ్యాంగం సగం అర్థమైనట్టేనని నా నమ్మకం. మన దగ్గర దేశం ముందు, రాష్ట్రాలు ఆ దేశం తన పాలన కోసం గీసుకున్న గీతలు. అక్కడ రాష్ట్రాలు ముందు. అవి కూర్చుని, బేరాలాడి, తమ చేతిలో ఉన్న అధికారంలోంచి కొంత తీసి ఇచ్చి ఒక దేశాన్ని చేసుకున్నాయి. ఇవ్వనిదంతా తమ దగ్గరే అట్టిపెట్టుకున్నాయి.

పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తల్లిదండ్రులు అమెరికా గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే: ఓట్లు తక్కువ వచ్చినాయన ప్రెసిడెంట్ ఎలా అయ్యాడు? బడ్జెట్ పాస్ కాకపోతే ప్రభుత్వం పడిపోవాలి గానీ ఆఫీసులకు తాళాలేమిటి? ఎక్కడో ఒక ఊళ్లో జడ్జి ప్రెసిడెంట్ ఆదేశాన్ని ఎలా ఆపేశాడు? ఈ మూడింటికీ జవాబు వెతకాలంటే 1780ల దాకా వెనక్కి వెళ్లాలి.

1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న పదమూడు బ్రిటిష్ వలసలు ఒక దేశంగా మారలేదు, పదమూడు రాజ్యాలుగా మారాయి. 'స్టేట్' అన్న మాటను మనం రాష్ట్రం అంటున్నాం గానీ, వాళ్లు రాసుకున్నప్పుడు దాని అర్థం రాజ్యమే. 1781 మార్చి 1న అమల్లోకి వచ్చిన మొదటి ఒప్పందం, ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్, ఆ పదమూడు రాజ్యాల స్నేహ ఒడంబడిక లాంటిది. అందులో ప్రెసిడెంట్ అనే పాలకుడు లేడు, దేశానికంతటికీ కోర్టులు లేవు. కాంగ్రెస్ ఉంది గానీ పన్ను వేసే హక్కు దానికి లేదు. డబ్బు కావాలంటే రాష్ట్రాలకు ఉత్తరం రాయాలి. రాష్ట్రాలు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. దిగుమతుల మీద అయిదు శాతం సుంకం వేసుకుంటామని కాంగ్రెస్ అడిగితే, సవరణకు పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి కాబట్టి, 1782లో రోడ్ ఐలాండ్ కాదన్న ఒక్క మాటతో ఆ ప్రతిపాదన చచ్చిపోయింది.

ఖజానా ఖాళీ అయితే ఏమవుతుందో 1783 జూన్‌లో తేలిపోయింది. యుద్ధం చేసిన సైనికులే జీతాల బకాయిలు అడుగుతూ ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా స్టేట్ హౌస్‌ను చుట్టుముట్టారు. రక్షణకు మిలీషియాను (రాష్ట్రపు పౌరసైన్యాన్ని) పంపండని కాంగ్రెస్ కోరితే పెన్సిల్వేనియా పంపలేదు. దేశపు కాంగ్రెస్ ఊరు విడిచి ప్రిన్స్‌టన్ వెళ్లిపోవలసి వచ్చింది. తర్వాత మూడేళ్లకు మసాచుసెట్స్ పశ్చిమ భాగంలో రైతులు తిరగబడ్డారు. పన్నులు నాణేల్లోనే కట్టాలి, ఊళ్లో నాణేలు లేవు. కోర్టులు పొలాలు జప్తు చేస్తున్నాయి, అప్పు తీర్చలేనివాణ్ని జైల్లో వేస్తున్నాయి. స్వాతంత్ర్య యుద్ధంలో కెప్టెన్‌గా పనిచేసిన డేనియల్ షేస్ ముందు నిలబడ్డాడు. రైతులు కోర్టులు తెరవనివ్వలేదు. 1787 జనవరి 25న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి వెళ్లినప్పుడు ఫిరంగి దెబ్బకు నలుగురు చనిపోయారు. తిరుగుబాటును అణచడానికి సైన్యాన్ని పంపే శక్తి కాంగ్రెస్‌కు లేదు. బోస్టన్ వ్యాపారులు చందాలు వేసుకుంటే ఆ డబ్బుతో మసాచుసెట్స్ తన సైన్యాన్ని నడిపింది.

అదే ఏడాది మే 25న, కాంగ్రెస్ పారిపోయిన ఆ స్టేట్ హౌస్‌లోనే, కొత్త సమావేశం మొదలైంది. వచ్చిన ప్రతినిధులకు అప్పగించిన పని పాత ఒప్పందానికి మరమ్మతులు చేయడం. వాళ్లు దాన్ని పక్కన పెట్టి కొత్తది రాశారు. రోడ్ ఐలాండ్ అసలు ప్రతినిధుల్నే పంపలేదు. మిగతా పన్నెండు రాష్ట్రాల నుంచి వేర్వేరు రోజుల్లో మొత్తం 55 మంది వచ్చారు. సమావేశానికి జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షుడు. 81 ఏళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ అందరిలోకీ పెద్ద. లోపలి మాట బయటికి పొక్కకూడదని తలుపులూ కిటికీలూ మూసేసి, ఎండాకాలమంతా ఆ ఉక్కలోనే కూర్చున్నారు. వర్జీనియా నుంచి వచ్చిన జేమ్స్ మాడిసన్ ముందు వరసలో కూర్చుని ప్రతి ప్రసంగాన్నీ రాసుకున్నాడు. ఆయన చనిపోయాక, 1840లో గానీ ఆ నోట్స్ అచ్చు కాలేదు. లోపల ఎవరు ఎవరితో ఎలా పోట్లాడారో మనకు ముఖ్యంగా వాటివల్లే తెలుసు.

అసలు పీటముడి ఓట్ల లెక్క దగ్గర పడింది. జనాభాను బట్టి సీట్లుండాలని వర్జీనియా పట్టు. ఎప్పటిలా రాష్ట్రానికో ఓటు ఉండాలని న్యూజెర్సీ పట్టు. 1790 జనగణనలో వర్జీనియా జనాభా దాదాపు ఏడున్నర లక్షలు, డెలవేర్‌ది 59 వేలు. ఆ డెలవేర్ తన ప్రతినిధుల్ని పంపేటప్పుడే, సమాన ఓటు వదులుకోవడానికి వీల్లేదని రాసిచ్చి మరీ పంపింది. జూన్ 30న డెలవేర్ ప్రతినిధి గన్నింగ్ బెడ్‌ఫర్డ్ లేచి, పెద్ద రాష్ట్రాలు మమ్మల్ని తొక్కాలని చూస్తే మా చెయ్యి పట్టుకునే విదేశీ మిత్రుణ్ని మేం వెతుక్కుంటామని బెదిరించాడు. బ్రిటన్‌తో శాంతి ఒప్పందం కుదిరి నాలుగేళ్లే అయిన చోట ఆ మాట అన్నాడంటే గదిలో వేడి ఎంతుందో ఊహించుకోవచ్చు.

జులై 16న ఓటింగ్ జరిగింది. కనెక్టికట్ తెచ్చిన రాజీ ఇది: కింది సభలో జనాభా లెక్క, పై సభలో, అంటే సెనేట్‌లో, రాష్ట్రాలన్నీ సమానం. కనెక్టికట్, న్యూజెర్సీ, డెలవేర్, మేరీలాండ్, నార్త్ కరొలైనా సరేనన్నాయి. పెన్సిల్వేనియా, వర్జీనియా, సౌత్ కరొలైనా, జార్జియా కాదన్నాయి. మసాచుసెట్స్ సభ్యులు చెరిసగం చీలి ఎటూ కాకుండా పోయారు. అయిదు, నాలుగు. ఒకే ఒక్క ఓటు తేడా. దానివల్లే ఈరోజు సుమారు నాలుగు కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకూ, ఆరు లక్షల లోపు జనం ఉన్న వయోమింగ్‌కూ సెనేట్‌లో చెరో రెండు సీట్లు. దీన్ని మార్చే దారి కూడా మూసేశారు. ఏ రాష్ట్రానికీ దాని ఒప్పుదల లేకుండా సెనేట్‌లో సమాన ఓటు తీసేయకూడదని సవరణల అధికరణంలోనే రాసి పెట్టారు.

ఇంతవరకూ చదివితే ఇది పెద్ద రాష్ట్రాలకూ చిన్న రాష్ట్రాలకూ మధ్య గొడవలా కనిపిస్తుంది. బళ్లో పిల్లలకు చెప్పే కథ చాలాసార్లు ఇక్కడే ఆగిపోతుంది. కానీ అసలు చీలిక బానిసత్వం మీద ఉందని అదే గదిలో మాడిసనే చెప్పాడు.

దక్షిణాది రాష్ట్రాలు అడిగింది ఇది: మా బానిసలకు ఓటు లేదు, హక్కు లేదు, కానీ సీట్లు పంచేటప్పుడు మాత్రం వాళ్లను జనాభాలో కలపాలి. పెన్సిల్వేనియా ప్రతినిధి గవర్నర్ మోరిస్ (గవర్నర్ అన్నది ఆయన పేరే, పదవి కాదు) సూటిగా అడిగాడు: వాళ్లు మనుషులా? అయితే పౌరుల్ని చేసి ఓటివ్వండి. ఆస్తా? అయితే మిగతా ఆస్తుల్ని ఎందుకు లెక్కపెట్టరు? ఈ ప్రశ్నకు ఎవరి దగ్గరా నిజాయితీ గల జవాబు లేదు. చివరికి అయిదుగురు బానిసల్ని ముగ్గురిగా లెక్కపెట్టాలని కుదిరింది. దీన్ని బానిసకు మనిషి విలువలో అయిదింట మూడు వంతులు ఇచ్చారని అర్థం చేసుకునేవాళ్లున్నారు. అది పొరపాటు. బానిసకు ఇచ్చింది సున్నా. ఆ మూడు వంతులు వెళ్లింది యజమాని చేతికి. వర్జీనియా సంగతే చూడండి. 1790 లెక్కల్లో అక్కడ బానిసలు 2 లక్షల 92 వేల మంది. అందులో అయిదింట మూడు వంతులంటే లక్షా 75 వేలు. అప్పట్లో 33 వేల మందికి ఒక సీటు. అంటే ఓటు లేని ఆ మనుషుల పేరు మీద వర్జీనియా అయిదు సీట్లు అదనంగా తెచ్చుకుంది.

అంతటితో ఆగలేదు. ఆఫ్రికా నుంచి బానిసల్ని తేవడాన్ని 1808 దాకా కాంగ్రెస్ నిషేధించకూడదు. పారిపోయిన బానిసను ఏ రాష్ట్రంలో పట్టుకున్నా యజమానికి అప్పగించాలి. ఇవన్నీ అందులో ఉన్నాయి, 'బానిస' అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. 'మిగతా వ్యక్తులందరూ' అని రాశారు. 'పనికి కట్టుబడిన వ్యక్తి' అని రాశారు. ఆ మాట రాయడానికి సిగ్గుపడినవాళ్లు ఆ పని చేయడానికి సిగ్గుపడలేదు. ఆ రాజ్యాంగాన్ని మెచ్చుకునేవాళ్లలో నేనూ ఉన్నాను గానీ, ఆ వాక్యాలు చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఓట్లు తక్కువ వచ్చినా గెలవడం ఎలాగన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే మొలిచింది. ప్రెసిడెంట్‌ను జనమే నేరుగా ఎన్నుకోవడం మేలని మాడిసన్ జులై 19న అన్నాడు. అంటూనే ఒక చిక్కుందన్నాడు: ఉత్తరాదిలో ఓటర్లు ఎక్కువ, దక్షిణాదిలో బానిసలకు ఓటు లేదు కాబట్టి ఆ లెక్కన దక్షిణాదికి పలుకుబడి ఉండదు. మధ్యలో ఎలక్టర్లను, అంటే ప్రెసిడెంట్‌ను ఎన్నుకోవడానికే రాష్ట్రాలు నియమించే మనుషుల్ని, పెడితే ఆ చిక్కు తీరుతుంది. ప్రతి రాష్ట్రానికీ దాని కింది సభ సీట్లు (బానిసల లెక్క అప్పటికే కలిసినవి), సెనేట్ సీట్లు కలిపి అన్ని ఎలక్టోరల్ ఓట్లు. ఇవాళ అవి మొత్తం 538, గెలవాలంటే 270. ఎలక్టర్లను ఎలా నియమించాలో రాష్ట్రమే తేల్చుకుంటుంది. 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లకే రాష్ట్రం మొత్తం, మెయిన్, నెబ్రాస్కాల్లో లెక్క వేరు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా ట్రంప్ గెలిచింది ఇందుకే. అమెరికాలో ప్రెసిడెంట్ ఎన్నిక ఒక్కటి కాదు. 50 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్, కలిపి ఒకే రోజు జరిగే 51 ఎన్నికలు.

రెండో ప్రశ్న తాళాల గురించి. మన పద్ధతిలో ప్రధానమంత్రి లోక్‌సభ నమ్మకం మీద బతుకుతాడు, బడ్జెట్ ఓడిపోతే దిగిపోవాలి. అమెరికాలో ప్రెసిడెంట్‌ను కాంగ్రెస్ ఎన్నుకోలేదు, కాబట్టి దించలేదు. అభిశంసన వేరే సంగతి. కాంగ్రెస్‌ను ప్రెసిడెంట్ రద్దు చేయలేడు. కానీ చట్టసభ మంజూరు చేయనిదే ఖజానాలోంచి పైసా తీయకూడదని మొదటి అధికరణం చెబుతోంది. బ్రిటిష్ రాజు పన్నులతో విసిగినవాళ్లు డబ్బు సంచి పాలకుడి చేతికి ఇవ్వరు. ఇద్దరికీ చెరో తాళంచెవి ఇచ్చారు, పెట్టె ఒకటే. ఇద్దరూ బెట్టు చేస్తే పెట్టె తెరుచుకోదు. 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా 43 రోజులు జరిగింది అదే. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద పనిచేసే మనవాళ్లకు ఈ సంగతి ఒక కాగితం రూపంలో తగిలింది. వీసా దరఖాస్తుకు ముందు కార్మిక శాఖ నుంచి తెచ్చుకోవలసిన ఎల్‌సీఏ అనే ధ్రువీకరణ, ఆ శాఖకు డబ్బు లేక అక్టోబర్‌లో నిలిచిపోయింది. దరఖాస్తుల ఫీజులతో నడిచే ఇమిగ్రేషన్ విభాగం మాత్రం తెరిచే ఉంది.

మళ్లీ ఫిలడెల్ఫియాకు వస్తే, 1787 సెప్టెంబర్ 17న కొత్త రాజ్యాంగం మీద 39 మంది సంతకాలు చేశారు. దీన్ని రాష్ట్రాల శాసనసభలకు పంపలేదు. ప్రతి రాష్ట్రంలో ఇందుకోసమే జనం ఎన్నుకున్న ప్రత్యేక సభల ముందు పెట్టారు. తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలన్నారు. పీఠికకు మొదట రాసిన చిత్తులో న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ అంటూ పదమూడు రాష్ట్రాల పేర్లూ వరసగా ఉన్నాయి. ఏ తొమ్మిది వస్తాయో, ఏవి రావో తెలియదు. చివరి ప్రతి దిద్దిన మోరిస్ ఆ పేర్లన్నీ కొట్టేసి 'సంయుక్త రాష్ట్రాల ప్రజలమైన మేము' అని రాశాడు. వర్జీనియా సభలో ప్యాట్రిక్ హెన్రీ మండిపడ్డాడు: రాష్ట్రాలమైన మేము అనాల్సిన చోట ప్రజలమైన మేము అనమని వీళ్లకు ఎవరు చెప్పారు? ఆయన కోపం అర్థం లేనిది కాదు, ఆ ఒక్క మాటలో దేశం పునాది మారుతోందని ఆయన కనిపెట్టాడు. వర్జీనియా 89-79తో, న్యూయార్క్ 30-27తో గట్టెక్కాయి. రోడ్ ఐలాండ్ 1790 మే 29న 34-32తో, అందరికంటే ఆఖర్న వచ్చి చేరింది. మన పీఠికలో 'భారత ప్రజలమైన మేము' అన్న మాటకు పూర్వరూపం ఇదే.

ఇందులో హక్కుల మాటేదని చాలా రాష్ట్రాలు నిలదీశాయి. హక్కులు చేరుస్తామన్న హామీ మీదే ఓట్లు పడ్డాయి గనక మాడిసన్ సవరణలు తెచ్చాడు. 1791 డిసెంబర్ 15న పది సవరణలు చేరాయి: మాట్లాడే స్వేచ్ఛ, మతస్వేచ్ఛ, కారణం లేని సోదాల నుంచి రక్షణ, వగైరా. చట్టబద్ధమైన న్యాయప్రక్రియ లేకుండా ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి తీసుకోకూడదన్నది అయిదోది. ఈ చివరి మాటకు మనతో ఒక చుట్టరికం ఉంది. మన రాజ్యాంగ సలహాదారు బి.ఎన్.రావు 1947లో అమెరికా వెళ్లి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. ఆ మాట పెట్టుకుంటే జడ్జీల చేతికి మరీ ఎక్కువ అధికారం పోతుందని ఆయన హెచ్చరించాడు. అందుకే మన 21వ అధికరణంలో 'చట్టం నిర్దేశించిన పద్ధతి' అన్న మాట పడింది. 1978లో మేనకా గాంధీ కేసులో మన సుప్రీంకోర్టు, ఆ పద్ధతి న్యాయంగా కూడా ఉండాలని చెప్పి, తీసేసిన సారాన్ని తిరిగి తెచ్చుకుంది.

మూడో ప్రశ్నకు, అంటే జడ్జి అధికారానికి, రాజ్యాంగంలో ఒక్క వాక్యం కూడా దొరకదు. చట్టాన్ని కొట్టేసే అధికారం కోర్టుకుందని అందులో ఎక్కడా రాయలేదు. 1801లో ప్రెసిడెంట్ జాన్ ఆడమ్స్ దిగిపోతూ తనవాళ్లను హడావుడిగా జడ్జీలుగా నియమించాడు. కొన్ని నియామక పత్రాలు సంతకాలూ ముద్రలూ పడి కూడా, పంచే తీరిక లేక, బల్ల మీదే ఉండిపోయాయి. వాటిని పంచవలసిన విదేశాంగ మంత్రి జాన్ మార్షల్. కొత్త ప్రెసిడెంట్ జెఫర్సన్ ఆ పత్రాలు ఇవ్వొద్దన్నాడు. పత్రం అందని విలియం మార్బరీ సుప్రీంకోర్టుకు వెళితే, అక్కడ ప్రధాన న్యాయమూర్తి కుర్చీలో ఉన్నది అదే మార్షల్! పత్రం ఇవ్వమంటే జెఫర్సన్ లెక్కచేయడు, కోర్టు పరువు పోతుంది. వద్దంటే భయపడినట్టు. 1803లో మార్షల్ ఇలా తీర్పిచ్చాడు: మార్బరీకి హక్కుంది, కానీ ఈ కేసు నేరుగా వినమని మాకు అధికారమిచ్చిన చట్టమే రాజ్యాంగానికి విరుద్ధం, కాబట్టి అది చెల్లదు. జెఫర్సన్ గెలిచాడు, ఎదురు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. చిన్న అధికారాన్ని కాదనుకుని కోర్టు అన్నిటికంటే పెద్ద అధికారాన్ని తీసుకుంది.

ఆ అధికారం మంచికే వాడతారని ఎక్కడా లేదు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అదే కోర్టు, నల్లవాళ్లు అమెరికా పౌరులు కాలేరని చెప్పింది. నాలుగేళ్లకు అంతర్యుద్ధం వచ్చింది. మేం కలిస్తేనే దేశమైంది గనక విడిపోయే హక్కూ మాదేనన్నది దక్షిణాది వాదన. ఆ యుద్ధం మధ్యలోనే, 1863లో, వర్జీనియాలోంచి వెస్ట్ వర్జీనియా పుట్టింది. అప్పుడు కూడా నాలుగో అధికరణాన్ని దాటలేకపోయారు. రిచ్‌మండ్‌లో ఉన్న, తిరుగుబాటు చేసిన వర్జీనియా ప్రభుత్వం ఎటూ ఒప్పుకోదు కాబట్టి, యూనియన్ (విడిపోకూడదన్న దేశం) వైపు నిలబడినవాళ్లు వీలింగ్‌లో వేరే వర్జీనియా ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసుకుని, దాని చేత వర్జీనియా తరఫున సరేననిపించారు.

1868లో వచ్చిన 14వ సవరణ ఆ పాత వరసను తలకిందులు చేసింది. అమెరికాలో పుట్టి, దాని చట్టపరిధిలో ఉన్నవాళ్లందరూ ముందు అమెరికా పౌరులు, ఆ తర్వాత తాము ఉంటున్న రాష్ట్రపు పౌరులు. ఏ రాష్ట్రమూ వాళ్ల ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి న్యాయప్రక్రియ లేకుండా తీసుకోకూడదు. అంతకుముందు హక్కుల పట్టిక, అంటే ఆ మొదటి పది సవరణలు, కేంద్రాన్ని మాత్రమే కట్టడి చేసేది. ఈ సవరణను ఆధారం చేసుకునే 20వ శతాబ్దంలో ఆ హక్కుల్ని కోర్టులు ఒక్కొక్కటిగా రాష్ట్రాల మీదికి కూడా తెచ్చాయి.

వోంగ్ కిమ్ ఆర్క్ శాన్ ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టాడు. ఆ తల్లిదండ్రులకు పౌరసత్వం పొందే హక్కు అప్పటి చట్టంలో లేదు. 1894లో చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే, నువ్వు మా పౌరుడివి కాదంటూ అతన్ని ఓడలోనే ఆపేశారు. 1898లో సుప్రీంకోర్టు 6-2తో అతను ఇక్కడ పుట్టిన పౌరుడేనని తీర్పిచ్చింది. 2025 జనవరి 20న, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే పుట్టిన బిడ్డను పౌరుడిగా గుర్తించొద్దని ప్రెసిడెంట్ ఆదేశమిచ్చినప్పుడు, వీసాల మీదున్న తెలుగు ఇళ్లలో గర్భిణులు వారాలు లెక్కపెట్టుకున్నారు. మూడు రోజులకే సియాటెల్‌లో ఫెడరల్ న్యాయమూర్తి ఒకరు ఆ ఆదేశాన్ని నిలిపేశారు. ఆయన ముందుకు ఆ కేసు తెచ్చింది వాషింగ్టన్ (రాజధాని కాదు, ఆ పేరుగల రాష్ట్రం), ఆరిగన్, అరిజోనా, ఇల్లినాయ్, అంటే నాలుగు రాష్ట్రాలు. పుట్టిన బిడ్డకు బర్త్ సర్టిఫికెట్ ఇచ్చేది ఇవాళ్టికీ దేశం కాదు, రాష్ట్రమే.